దయామణి గారి స్టాప్‌లాస్

మొన్న ఫిల్మ్‌నగర్‌లో ఒక షూటింగుకి వెళ్ళాను. హాల్లో అడుగు పెట్టగానే అగరొత్తుల పొగ, చామంతుల వాసన ముక్కుకి తగిలాయి. చావు సీను తీస్తున్నారన్నమాట. చాప మీద పడుకోబెట్టిన పెద్దావిడ ఎవరో కొత్తావిడ. ఊపిరి తీస్తుంటే పొట్ట కదులుతోందని అసిస్టెంట్ డైరెక్టర్ విసుక్కుంటున్నాడు. ఆవిడ పాపం ఊపిరి బిగబట్టి బిగబట్టి చివరికి దగ్గేసింది. అందరూ నవ్వారు. నేనూ నవ్వబోయి, దయామణి గారు గుర్తొచ్చి ఆగిపోయాను. దయామణి గారైతే ఆ చాప మీద ఎంతసేపు పడుకోబెట్టినా, ముఖం మీద ఈగ వాలినా కదిలేవారు కాదు.

దయామణి గారంటే మీకు తెలియకపోవచ్చు. ఫొటో చూపిస్తే మాత్రం "ఈవిడా, తెలియకేం" అంటారు. హీరోకి తల్లి, హీరోయిన్‌కి మేనత్త, విలన్ చేతిలో ఇంటర్వెల్‌కి ముందే పోయే అమాయకురాలు. తెర మీద రూపాయి బిళ్ళంత బొట్టు. ఆదివారం పొద్దున మాత్రం బొట్టు లేని నుదుటితో, తెల్ల చీరలో చర్చికి బయలుదేరేవారు. గుడివాడ వైపు మనిషి. శ్రీనగర్ కాలనీలో అద్దె ఫ్లాటులో ఒక్కరే ఉండేవారు. నేను బోరబండలో పుట్టి పెరిగినవాణ్ణి, ఆవిడ మేనేజర్ని. మేనేజర్ అనగానే గొప్పగా ఊహించుకోకండి. డేట్లు చూడటం, రావలసిన పేమెంట్ల కోసం ఫోన్లు చేయడం, కారు నడపడం, క్యారేజీ మోయడం అన్నీ నేనే. పోయినేడు ఆవిడ నిద్రలోనే పోయారు. మర్నాడు ఉదయం షూటింగుకి తీసుకువెళ్దామని నేనే వెళ్ళి తలుపు కొట్టాను.

కథ చెప్పడానికి ఏ డైరెక్టరు వచ్చినా ఆవిడ అడిగే మొదటి ప్రశ్న ఒకటే. "నాయనా, నేను ఏ సీన్లో పోతాను?" కొత్తవాళ్ళయితే తెల్లబోయేవారు. తల్లి పాత్ర గొప్పతనం గురించి వాళ్ళు బట్టీపట్టి వచ్చిన మాటలన్నీ అక్కడితో ఆగిపోయేవి. "నువ్వు నొచ్చుకోకు బాబూ. ఎక్కడ పోతానో తెలిస్తే ఎంతవరకు ఉండాలో తెలుస్తుంది. అది తెలిస్తే మిగతా కథంతా హాయిగా వింటాను," అనేవారు. నేను మొదట్లో ఇదేదో ముసలావిడ చాదస్తం అనుకున్నాను. డేట్లు ఎప్పుడూ తారుమారు కాకపోవడం చూశాక నోరు మూసుకున్నాను.

ఆ రోజుల్లో యూనిట్లలో అందరికీ క్రిప్టో కాయిన్ల పిచ్చి పట్టింది. లైట్‌మెన్ దగ్గర్నుంచి కెమెరా అసిస్టెంట్ల దాకా షాట్ గ్యాప్‌లో అందరి తలలూ ఫోన్లలోనే. కారవాన్‌లో గంటల తరబడి పిలుపు కోసం ఎదురుచూసే దయామణి గారికి కూడా ఆ గాలి తగిలింది. అయితే ఆవిడ దిగిన తీరే వేరు. కళ్ళజోడు పెట్టుకుని, వారాల తరబడి చదువుకుని, అప్పుడు ఒక చిన్న మొత్తం వేశారు. ఒక చిన్న సినిమాలో మూడు సీన్లకి ఇచ్చే డబ్బంత. ఇంత తక్కువతో ఏం చేస్తారని అడిగాను. "ఇది పోయినా నా అద్దె ఆగదు, బీపీ బిళ్ళలు ఆగవు. ఇంతకంటే ఎక్కువ పెడితే నేను ధర చూడను గిరీ, భయాన్ని చూస్తాను," అన్నారు.

ఏ కాయిన్ కొన్నా ముందు అమ్మే చోటు పెట్టేవారు. ధర ఇంతకు దిగితే మనల్ని అడక్కుండానే అమ్మేయమని యాప్‌కి చెప్పి ఉంచడం, దాన్ని స్టాప్‌లాస్ అంటారు. అది తగిలినా ఆ చిన్న ఖాతాలో చిటికెడే పోయేలా కొనేవారు. యాప్ వాడు అప్పిస్తానంటాడు, ఉన్నదానికి పదింతలు పెట్టుకోమంటాడు. ఆ మాట వస్తే చెప్పులో రాయి పడ్డట్టు ముఖం పెట్టేవారు. ఒకే రోజు రెండుసార్లు దెబ్బ తగిలిందంటే ఫోన్ తెచ్చి నా చేతిలో పెట్టి, "సాయంత్రం దాకా ఇవ్వకు. నేనడిగినా ఇవ్వకు," అనేవారు. అడిగేవారు కూడా. "మా చెల్లెలికి ఫోన్ చేసుకోవాలి గిరీ."

"నా ఫోన్‌లకెల్లి చేయున్రి అమ్మా."

"వాతావరణం చూసుకోవాలి."

"ఎండ కొడ్తుంది, నేనే చెప్తున్న."

అప్పుడు చిన్నపిల్లలా మూతి ముడుచుకుని కూర్చునేవారు. తన మీద తనకి నమ్మకం లేదని ఒప్పుకోవడానికి ఆవిడ సిగ్గుపడేవారు కాదు. ఆ ఒప్పుకోలు మీదే ఆవిడ పద్ధతి అంతా నిలబడింది.

అప్పుడే ఒక యాడ్ వచ్చింది. కొత్త కాయిన్ ఒకటి, దానికి పెద్ద హీరో ప్రచారం. యాడ్‌లో హీరో ఫోన్ తెరిచి ఆ కాయిన్ కొంటాడు, తల్లి వచ్చి తల నిమిరి దీవిస్తుంది. ఆ తల్లి దయామణి గారు. షూటింగు అయిన సాయంత్రమే యూనిట్‌లో సగం మంది ఆ కాయిన్ కొన్నారు. యాడ్ ఇంకా బయటికి రాలేదు, ఊరికి తెలియని సంగతి మనకి తెలుసు, హీరోని మన కళ్ళతో చూశాం, ఇంకేం కావాలి? కాస్ట్యూమర్ చారి అయితే చిట్టీ పాడి మరీ పెట్టాడు. సినిమావాళ్ళం మేం. ప్రేక్షకుల్ని నమ్మించడానికి మేమే కట్టిన సెట్టుని మేమే నమ్మాం.

నా దగ్గర డబ్బుంది. అదే అసలు చిక్కు. నా భార్య రేణుక బోరబండలో ఇంట్లోనే టిఫిన్లు చేసి అమ్మేది. ఎర్రగడ్డలో మార్కెట్ పక్కన ఒక షట్టర్ ఖాళీ అయితే, అడ్వాన్సు కోసం ఏళ్ళ తరబడి కూడబెట్టింది నా ఖాతాలో వేసింది. నెల మొదటికి కట్టాలి. కాయిన్ సంగతి ఆమెకి చెప్పాను. చట్నీ రుబ్బుతూనే, "నీ ఇష్టం. దుకాణం పోతే మాత్రం మల్ల గసువంటిది దొరకది, గది యాదిల పెట్టుకో," అంది. అడ్డు చెప్పి ఉంటే గొడవపడి పెట్టేసేవాణ్ణేమో. అడ్డు చెప్పకపోయేసరికి భయం వేసింది. భయం వేసింది కాబట్టే వెళ్ళి దయామణి గారిని అడిగాను.

"హీరోనే చేస్తుండు గద అమ్మా, యాడ్ వస్తే రెండింతలు అయితది."

"ఆ యాడ్‌లో నేనాయనకి తల్లిని. నిజంగా తల్లినా?" అన్నారు.

"గట్లయితే కొనొద్దంటరా?"

"కొందాం. ధర కదులుతోంది, కాదనను. నా లెక్కలో నేను కొంటాను, నీ డబ్బులో పదో వంతు నువ్వు కొను. స్టాప్ ఇద్దరికీ ఒకే చోట. తగిలితే లేచిపోతాం." పదో వంతు అనేసరికి నాకు ఒళ్ళు మండింది. అయినా సరేనని అలాగే కొన్నాను.

మర్నాడు జూబ్లీహిల్స్‌లో ఒక పాత బంగళాలో షూటింగు. అలాంటి ఇళ్ళు షూటింగులకి అద్దెకిస్తుంటారు. ఆ రోజే ఆవిడ చావు సీను. కారు దిగుతూనే, మేకప్ రూమ్ ఎక్కడని ఎవర్నీ అడగకుండా, ఆవిడ నేరుగా వెనక మెట్లెక్కి పైకి వెళ్ళిపోయారు. ఇంతకుముందు ఇక్కడ ఏదైనా సినిమా చేశారేమోననుకున్నాను. పదకొండు గంటలకల్లా ఆవిణ్ణి హాల్లో చాప మీద పడుకోబెట్టి, ముక్కుల్లో దూది పెట్టి, దండలు వేశారు. ఆవిడ ఫోన్ నా కుడి చేతిలో, నాది ఎడమ చేతిలో. కాయిన్ దిగడం మొదలుపెట్టింది.

మెల్లగా దిగుతుంటే మనసు సర్దుకుంటుంది. ఇది మెల్లగా దిగలేదు. చూస్తుండగానే ఎర్ర గీత మీద ఎర్ర గీత పడింది. మా స్టాప్‌కి ఇంకా కొంచెమే దూరం. చారి నా భుజం మీంచి తొంగి చూసి, "గిరన్నా, స్టాప్ తీసెయ్. పెద్దోళ్ళు ఊకెనే ధర ఊపుతున్నరు, జర ఆగితే మల్ల లేస్తది," అన్నాడు. తీసెయ్యడం ఎంతసేపు, ఒక్క నొక్కు. నా బొటనవేలు ఆ మీటకి వెంట్రుకవాసి దూరంలో ఉంది. లైట్లు సర్దడానికని షాట్ ఆపారు గానీ దండలు చెదురుతాయని దయామణి గారిని లేవనివ్వలేదు. దండ సరిచేసేవాడిలా వెళ్ళి ఆవిడ తల దగ్గర కూర్చున్నాను.

"అమ్మా, దగ్గరికొచ్చింది. స్టాప్ తీసెయ్యాల్నా?"

కళ్ళు తెరవలేదు, పెదవులు కదల్లేదు. మాట మాత్రం వినబడింది. "ముట్టుకోకు."

"మల్ల లేస్తదంట."

"శవంతో వాదిస్తావేంట్రా. ముట్టుకోకు."

"ఎవడ్రా అక్కడ మాట్లాడేది?" అని డైరెక్టరు అరిచాడు. నేను వంగి వంగి కెమెరా వెనక్కి పరుగెత్తాను. కెమెరా తిరిగింది. హీరోయిన్ ఆవిడ గుండెల మీద పడి ఏడుస్తోంది. నా రెండు చేతుల్లో రెండు ఫోన్లు, రెండింట్లోనూ అదే గీత. ఆవిడది అమ్ముడుపోయింది. మరుక్షణం నాదీ అమ్ముడుపోయింది. పోయింది చిన్న మొత్తమే. అసలు ఘోరం ఆ తర్వాత జరిగింది. షాట్ ఓకే అయి, ఆవిడ లేచి కూర్చుని దూది తీసేసుకునే లోపల ధర వెనక్కి తిరిగింది. మధ్యాహ్నం భోజనాలకల్లా మేము కొన్న ధర దాటేసింది. సాయంత్రానికి ఇంకా పైకి. చారి ప్లేటు పట్టుకుని చిందులేశాడు.

ప్యాకప్ అయ్యాక కారెక్కి తలుపు విసురుగా వేశాను. ఇంజన్ తిప్పలేదు. పన్నెండేళ్ళలో ఆవిడతో ఎప్పుడూ గొంతు పెంచనివాణ్ణి ఆ రోజు పెంచాను. "మీ మాట విని అమ్ముకున్న. అందరు బాగుపడ్డరు, మనమే బేకార్‌గాళ్ళమైనం. మిగిలిందంత పెడ్త. ఇప్పుడే, గీడనే పెడ్త."

ఆవిడ వెనక సీట్లో కూర్చుని చెంపల మీది మేకప్ తుడుచుకున్నారు. తర్వాత, "పెట్టు. నీ డబ్బు, నేను ఆపను. ఎక్కడ లేచిపోతావో నాకు చెప్పి పెట్టు," అన్నారు.

చెబుదామని నోరు తెరిచాను. కొంచెం దిగగానే లేచిపోతానంటే పొద్దున జరిగిందే మళ్ళీ జరుగుతుంది. బాగా దిగేదాకా ఉంటానంటే రేణుక దుకాణం పోతుంది. ఏ అంకె అనుకున్నా దాని కింద ఆ షట్టరే కనబడుతోంది. ఆవిడ తొందరపెట్టలేదు. నేను చెప్పేదాకా ఎదురుచూస్తున్నట్టే కూర్చున్నారు. చెప్పలేకపోయాను.

"పొద్దున మేకప్ రూమ్ ఎక్కడని నేను అడగలేదు, గమనించావా?" అన్నారు చివరికి.

"ఇంతకుముందు గీడ సినిమా చేసినరా అమ్మా?"

"ఈ ఇల్లు మాదే."

నేను అద్దంలోంచి ఆవిడ ముఖం చూశాను. ఏడవడం లేదు. మామూలుగా, డైలాగు చదువుకుంటున్నట్టే చెప్పారు. వాళ్ళాయన ప్రొడ్యూసరట. ఆయన తీసిన ఆఖరి సినిమా మొదటి షెడ్యూలు తీసినంతవరకు వేసి చూసుకున్నారు. "ఇంటికొచ్చి చెప్పులు కూడా విప్పకుండా, ‘బాగా రాలేదు మణీ’ అన్నాడు. ఆయనకి ఆ రోజే తెలుసు గిరీ. తెలియక పెట్టలేదు. ఇంత పెట్టాం, ఇప్పుడాపితే ఇదంతా పోయినట్టే గదా అని ఇంకో షెడ్యూలు పెట్టాడు. అది పోకుండా ఇంకోటి. నా నగలు, తర్వాత ఇల్లు. ప్రతిసారీ పోయినదాన్ని వెనక్కి తేవడానికే. ఇవాళ నన్ను పడుకోబెట్టారే, అక్కడే మా భోజనాల బల్ల ఉండేది. ఆయన ఆ బల్ల దగ్గరే కూర్చుని సంతకాలు పెట్టేవాడు. నేను పక్కన నిలబడి అన్నం వడ్డించాను తప్ప, ఎక్కడ ఆగుతాం అని ఒక్కసారీ అడగలేదు."

సొంత ఇంటి హాల్లో, కూలికి శవమై పడుకుని, నన్ను "ముట్టుకోకు" అన్న మనిషి ఆవిడ. నేను ఫోన్ జేబులో పెట్టి కారు తీశాను. మర్నాడు పొద్దునే రేణుకని తీసుకెళ్ళి ఎర్రగడ్డలో అడ్వాన్సు కట్టేశాను. కొంచెం తక్కువైతే ఆమె అన్న సర్దాడు. "గంతేనా పోయింది? నేను ఇంక ఏమో అనుకున్న," అంది రేణుక, నిద్రలేని కళ్ళతో.

ఇక్కడితో కథ సుఖాంతమై, కాయిన్ మర్నాడే పడిపోయి ఉంటే నాకు చెప్పుకోవడానికి బాగుండేది. పడలేదు. యాడ్ విడుదలైంది, ధర ఇంకా పెరిగింది. చారి కొత్త బండి మీద వచ్చాడు. నేను రాత్రీ పగలూ ఆ ధర చూసుకుంటూ, ఉండి ఉంటే ఎంత వచ్చేదోనని లెక్కలు కట్టుకుంటూ, రేణుక పెట్టిన ఇడ్లీ రుచి కూడా తెలియకుండా తిరిగాను. ఒకరోజు కారవాన్‌లో ఉండబట్టలేక, "అమ్మా, మీకు జర కూడా అనిపిస్తలేదా?" అన్నాను.

"ఎందుకనిపించదూ? కడుపు మండిపోతోంది. రాత్రి లేచి చూసుకున్నాను కూడా. ఈసారి మన పద్ధతి మనల్ని దెబ్బకొట్టింది."

"మరి పద్ధతి మారుద్దామా?"

"దీన్ని మార్చే తెలివి కడుపు మండుతున్నప్పుడు రాదు గిరీ. ఇంకోసారి కొన్నప్పుడూ స్టాప్ ఇలాగే పెడతాను."

ఆ మాటతో నాకు ఎంత ఊరట కలిగిందో చెప్పలేను. అప్పటిదాకా ఆవిడ రాయి లాంటి మనిషి అనుకున్నాను, రాయిని చూసి నేర్చుకోవడం నావల్ల కాదనుకున్నాను. నాలాగే మండే కడుపుతో ఉండి కూడా ముట్టుకోకుండా ఉండొచ్చని అప్పుడు అర్థమైంది.

కొన్ని నెలల తర్వాత ఆ కాయిన్ ఒక్క వారంలో కుప్పకూలింది. చారి స్టాప్ పెట్టుకోలేదు. దిగినకొద్దీ అప్పు తెచ్చి ఇంకా కొన్నాడు. బండి అమ్మేశాడు, చిట్టీ వాయిదాలు మాత్రం మిగిలాయి. దయామణి గారు "నేను చెప్పలేదా" అంటారేమోనని నేను భయపడ్డాను. ఆవిడ చారి ఇంటికి వెళ్ళి, వాళ్ళావిడతో వంటింట్లో కూర్చుని మధ్యాహ్నమంతా ఏవేవో కబుర్లు చెప్పి, కాయిన్ మాట ఎత్తకుండానే వచ్చేశారు. కారెక్కాక, "వాడి ముఖం మా ఆయన ముఖంలా ఉంది," అన్నారు.

తర్వాత మార్కెట్టంతా చాలాకాలం నీరసపడింది. ఆవిడ పద్ధతి ఒక్కనాడూ తప్పలేదు, అయినా డబ్బు రాలేదు. చిటికెడు పోవడం, కొంచెం రావడం, మళ్ళీ చిటికెడు పోవడం. ఒకరోజు ఫిల్మ్‌నగర్‌లో డబ్బింగ్ మధ్య భోజనానికి లేచినప్పుడు, ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని ఉన్నదంతా అమ్మేశారు. మిగిలినది బ్యాంకుకి పంపుకున్నారు. యాప్ తీసేసి ఫోన్ బల్ల మీద పెట్టారు.

"గదేంది అమ్మా? ఇంత ఓపిక పట్టిన్రు. మల్ల లేస్తది గద."

"లేస్తుంది. లేవనీ. పెట్టిన డబ్బు సగానికి వస్తే దుకాణం కట్టేయాలని మొదటిరోజే అనుకున్నాను. వచ్చింది."

"బాధ లేదా?"

"ఉంది. నాలుగు రోజులుంటుంది." క్యారేజీ గిన్నెలు విప్పారు. "మా ఆయనకి లోకంలో అన్ని మాటలూ వచ్చు గిరీ. ఎంత పెద్ద ఫైనాన్షియర్నైనా ఒప్పించేవాడు. ‘ఇక చాలు’ అనడం మాత్రం రాలేదు. నేనన్నాను చూడు." అని, నా కంచంలో పప్పు వేసి, "తిను, చల్లారిపోతుంది," అన్నారు.

నేనిప్పటికీ కొద్దికొద్దిగా కొంటుంటాను. కొన్నిసార్లు వస్తుంది, కొన్నిసార్లు పోతుంది. గెలవడానికే క్రమశిక్షణ అని చాలాకాలం అనుకున్నాను. ఆ మధ్యాహ్నం చూశాక ఆ మాట అనలేను. ఆవిడ గెలవలేదు. ఫిల్మ్‌నగర్‌లో డబ్బు సంపాదించినవాళ్ళని చూశాను, పోగొట్టుకున్నవాళ్ళని అంతకంటే ఎక్కువమందిని చూశాను. ఎంత పోగొట్టుకోవచ్చని అనుకున్నారో అంతే పోగొట్టుకుని, చెయ్యి కడుక్కుని అన్నానికి కూర్చున్న మనిషిని మాత్రం ఒక్కరినే చూశాను.